గోడ మీద ఫోటో, బీరువాలో పాస్‌బుక్

మా ఇంట్లో నట్టింటి గోడకి మూడు ఫోటోలు ఉంటాయి. ఒకటి వెంకటేశ్వరస్వామిది, అది నాయనమ్మ పెట్టుకుంది. రెండోది అమ్మానాన్నల పెళ్ళి ఫోటో. మూడోది తాతయ్యది. అంటే తాతయ్య ఫోటో కాదు, తాతయ్య తెచ్చి పెట్టుకున్న ఫోటో. తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన. చిన్నప్పుడు ఆయన మా ముత్తాత అనుకునేవాణ్ణి. ఆరో తరగతిలో ఉన్నప్పుడు అడిగితే తాతయ్య నవ్వి, ఆయన సుందరయ్య గారు, మనకి ముత్తాత కంటే ఎక్కువే అన్నాడు.

మాది పల్నాడులో గురజాల వైపు ఒక ఊరు. నేను చదివిందంతా నరసరావుపేటలో, ఇంగ్లీష్ మీడియంలో. అందుకే నా తెలుగులో తప్పులుంటే ఎడిటర్ అన్నయ్య దిద్దాడు, ఇంకా మిగిలితే మీరు సర్దుకోండి. ఈ సంచికకి ఒక గొప్ప వ్యక్తి గురించి రాయమన్నప్పుడు ముందు అలన్ ట్యూరింగ్ గురించి రాద్దామనుకున్నా. ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో జరిగిన ఒక గొడవ వల్ల మనసు మారింది. ఆ గొడవ గురించి చివర్లో చెప్తాను. ముందు ఫోటోలో ఉన్న ఆయన గురించి.

పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. మే డే రోజున పుట్టడం యాదృచ్ఛికమే కానీ, మా తాతయ్య మాత్రం ఒప్పుకోడు. అసలు పేరు సుందరరామిరెడ్డి. బాగా భూములున్న కుటుంబం. ఆరేళ్ళ వయసులోనే తండ్రి పోయాడు. చదువు చాలా ఊళ్ళు తిరిగి చివరికి మద్రాసు లయోలా కాలేజీకి చేరింది. 1930లో గాంధీ గారు ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు ఈయనకి ఇంకా పదిహేడేళ్ళు నిండలేదు. కాలేజీ వదిలేసి ఉద్యమంలోకి దూకాడు. అరెస్టు చేశారు. వయసు చాలదు కాబట్టి బోర్‌స్టల్ స్కూల్‌లో పెట్టారు, అంటే కుర్రాళ్ళని ఉంచే జైలు. పదిహేడేళ్ళకి నేను ఎంసెట్ మాక్ టెస్టులు రాస్తున్నాను, అదీ నాన్న తిడితే.

బయటికి వచ్చాక ఊరికి వెళ్ళి వ్యవసాయ కూలీలని కూడగట్టడం మొదలుపెట్టాడు. రాత్రి బడి, గ్రంథాలయం నడిపాడు. దళితులు ఊరి బావిలో నీళ్ళు తోడుకోవాలని పట్టుబట్టాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆయన ఎవరి పొలాల్లో కూలి పెంచమని అడిగాడో వాళ్ళు బయటివాళ్ళు కాదు, సొంత బంధువులు, సొంత కులంవాళ్ళు. పేరు చివర ఉన్న రెడ్డి అనే మాట తీసేశాడు. తన వాటాకి వచ్చిన ఆస్తిని తర్వాత పార్టీకి ఇచ్చేశాడు. మద్రాసులో రహస్యంగా పనిచేస్తున్న అమీర్ హైదర్ ఖాన్ ద్వారా కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చి, దక్షిణాదిలో పార్టీని కట్టే పని నెత్తిన వేసుకున్నాడు. కేరళ వెళ్ళి నంబూద్రిపాద్, కృష్ణ పిళ్ళై లాంటి వాళ్ళని పార్టీ వైపు తెచ్చిన వాళ్ళలో ఈయన ఒకరు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని సంయుక్త కార్యదర్శుల్లో ఒకరు. అప్పటికి ఇంకా ఇరవై మూడేళ్ళు నిండలేదు.

1943లో లీల గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ కూడా పార్టీలోనే పనిచేసేవారు. పిల్లలుంటే వాళ్ళ కోసం కూడబెట్టాలన్న ఆశ పుడుతుందని, పనికి అడ్డం వస్తుందని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. ఆ పాయింట్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎంత త్యాగం అని కాదు. తన మీద తనకే అంత నమ్మకం లేకపోవడం చూసి. ఆస్తి వదిలేసిన మనిషి కూడా, బిడ్డ పుడితే మళ్ళీ ఆస్తి గుర్తొస్తుందేమో అని భయపడ్డాడు. అంటే మనిషి మనసు ఎటు జారుతుందో ఆయనకి బాగా తెలుసన్నమాట.

కమ్యూనిజం అసలు సిద్ధాంతం ఏమంటుందో నాకు అర్థమైనంతలో చెప్తాను. భూమి, ఫ్యాక్టరీలు, యంత్రాలు కొద్దిమంది చేతిలో ఉన్నంతకాలం మిగతావాళ్ళ కష్టం వాళ్ళకే చేరుతుంది. పనిచేసేవాళ్ళంతా ఏకమై వాటిని ఉమ్మడి సొత్తు చేసుకుంటే, కొంతకాలానికి వర్గాలు పోతాయి, చివరికి మనుషుల్ని అదుపులో పెట్టే ప్రభుత్వం అవసరం కూడా పోతుంది. ప్రతి ఒక్కరూ చేయగలిగింది చేసి, కావలసింది తీసుకుంటారు. ఈ చివరి మెట్టు ప్రపంచంలో ఏ దేశమూ ఎక్కలేదు. కమ్యూనిస్టు పార్టీలు నడిపిన దేశాలు కూడా తాము అక్కడికి చేరామని చెప్పుకోలేదు. దారిలో ఉన్నామనే చెప్పుకున్నాయి. మరి ఎందుకు చేరలేదు? దీనికి ఇంటర్నెట్‌లో రెండే జవాబులు దొరుకుతాయి. ఒకటి, మనుషులు స్వార్థపరులు కాబట్టి ఎప్పటికీ జరగదని. రెండు, అమెరికా కుట్ర అని. ఈ రెండూ నాకు ఆనలేదు. సుందరయ్య గారి జీవితం వరుసగా చదువుతుంటే ఇంకాస్త తేటగా కనిపించింది.

మొదటి చిక్కు ఆయన ఊళ్ళోనే ఉంది. మార్క్స్ ఊహించింది పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో వేలమంది ఒకే కప్పు కింద పనిచేసే కార్మికుల్ని. విప్లవం ముందు బాగా పరిశ్రమలున్న దేశాల్లో వస్తుందని లెక్క. కానీ 1917లో అది వచ్చింది ఎక్కువమంది రైతులే ఉన్న రష్యాలో. తర్వాత చైనాలో. ఇక్కడ నెల్లూరులోనూ గుంటూరులోనూ ఫ్యాక్టరీలెక్కడివి? ఉన్నది పొలం. పొలంలో కూలీ ఒక కులం, కౌలుదారు ఒక కులం, ఆసామి ఇంకో కులం. కూలీకి కూలీకి మధ్యే మళ్ళీ గోడలు. మేం ల్యాబ్‌లో ఒక తప్పు తరచూ చేస్తుంటాం. సొంత ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్‌ని వేరే సిస్టమ్‌లో పెడితే ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ ఉంటుందనుకున్నది అక్కడ లేదు. పార్టీ విషయంలోనూ అదే జరిగింది. పోనీ నాయకులంతా కులం వదిలేసినవాళ్ళేనా అంటే, సుందరయ్య గారిలా పేరులోంచి తీసేసినవాళ్ళు ఉన్నా, కోస్తాలో పార్టీ బలమంతా భూమి ఉన్న రైతు కుటుంబాల నుంచే వచ్చింది. 1956లోనే సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ రచయిత ఆంధ్ర కమ్యూనిస్టులు, కులం అనే విషయం మీద ఒక పెద్ద వ్యాసమే రాశాడు.

మా పల్నాడు వాళ్ళకి ఇది కొత్త కథ కాదు. కారెంపూడి వీరారాధన ఉత్సవాలకి వెళ్ళినవాళ్ళకి చాపకూడు తెలుసు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడని చెప్పుకుంటాం. ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఉత్సవాల్లో ఆ చాపకూడు తింటాం, తిని ఎవరి పేటకి వాళ్ళం వెళ్ళిపోతాం.

రెండో చిక్కు తెలంగాణలో బయటపడింది. మా ఊరికి ఉత్తరాన కృష్ణ. పొందుగుల దగ్గర దాటితే అవతల వాడపల్లి, నల్గొండ జిల్లా. అప్పట్లో అది నిజాం రాజ్యం. జన్నారెడ్డి కుటుంబం ఒక్కదాని కిందే లక్షన్నర ఎకరాలు ఉండేవని లెక్క. ఊళ్ళకి ఊళ్ళు వెట్టిచాకిరి చేసేవి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకి బలయ్యాక పోరాటం రాజుకుంది. సుందరయ్య గారు దాని ముఖ్య నాయకుల్లో ఒకరు. తర్వాత ఆయనే రాసిన లెక్కల ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో ప్రజల కమిటీలు పాలించాయి, దాదాపు 10 లక్షల ఎకరాలు పంచారు, సుమారు 4,000 మంది ప్రాణాలు పోయాయి.

నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది భూపరిమితి లెక్క. మొదట 500 ఎకరాలు దాటిన భూస్వాముల భూమి పంచాలన్నారు. తర్వాత అది 200 ఎకరాలకి దిగింది. ఆ తర్వాత 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల మాగాణికి వచ్చింది. పైనున్న పెద్ద దొర మీద పోరాడేటప్పుడు ఊరంతా ఒక్కటే. గీత కిందికి దిగేకొద్దీ నిన్న పక్కన నిలబడ్డవాడికి తన పొలం గుర్తొస్తుంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక, ధనిక రైతులు పోరాటం నుంచి పక్కకి తప్పుకున్నారు. వాళ్ళకి కావలసింది అప్పటికే దొరికింది. మిగిలిన దళాలు నల్లమలకి, గోదావరి అడవులకి వెళ్ళాయి. ఇక ఆపేద్దామని రావి నారాయణరెడ్డి గారి లాంటివాళ్ళు, కొనసాగించాలని సుందరయ్య గారి లాంటివాళ్ళు వాదించుకున్నారు. చివరికి 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

అందరికీ ఒకే శత్రువు ఉన్నంతసేపు సిద్ధాంతం నడుస్తుంది. ఆ శత్రువు పోయాక, మనలో మనం ఎవరు ఎంత వదులుకోవాలి అన్న ప్రశ్న వస్తుంది. పుస్తకంలో దానికి జవాబు ఒక వాక్యంలో ఉంటుంది. ఊళ్ళో దానికి పేర్లు, సర్వే నంబర్లు ఉంటాయి.

మూడో చిక్కు, నిర్ణయాలు దూరం నుంచి రావడం. తెలంగాణ పోరాటం ఏం చేయాలో తేల్చుకోవడానికి 1951లో పార్టీ నాయకులు నలుగురు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ని కలిశారు. అజయ్ ఘోష్, డాంగే, మన చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. నల్గొండ పల్లెల్లో జరిగే యుద్ధానికి సలహా మాస్కోలో. ఆ తర్వాత పార్టీ ఎన్నికల్లోకి వచ్చింది, మొదట అదరగొట్టింది. 1952లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. సుందరయ్య గారు రాజ్యసభకి వెళ్ళి అక్కడ కమ్యూనిస్టుల నాయకుడయ్యారు. పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళేవారన్నది అందరికీ తెలిసిన కథే. ఆంధ్ర ప్రాంతంలో 41 సీట్లు గెలిచిన పార్టీ, 1955 మధ్యంతర ఎన్నికల్లో అధికారంలోకి వస్తుందని చాలామంది అనుకున్నారు. సరిగ్గా అప్పుడే మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ విధానాల్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్ళు దాన్ని ఊరూరా పంచిపెట్టారు. ఓట్లు 31 శాతం దాకా వచ్చినా, 196 సీట్లలో దక్కినవి 15. ఓటమికి అదొక్కటే కారణం కాదు, కొన్ని పార్టీలు కాంగ్రెస్‌తో ఒక్కటి కావడం పెద్ద కారణం. అయినా ఇక్కడ జెండా మోసినవాడి కష్టం, అక్కడెక్కడో రాసిన ఒక వ్యాసంతో తేలిపోయే పరిస్థితి ఉండటం మామూలు విషయం కాదు కదా.

తర్వాత మాస్కో, బీజింగ్ కొట్టుకున్నాయి, ఇక్కడ పార్టీ చీలింది. ఇదొక్కటే కారణమని కాదు, కాంగ్రెస్‌తో ఎలా ఉండాలన్న గొడవ కూడా ఉంది. 1964లో సీపీఎం ఏర్పడి సుందరయ్య గారు దాని మొదటి ప్రధాన కార్యదర్శి అయ్యారు. అయిన కొద్ది రోజులకే జైలు. 1967లో నక్సల్బరీ, ఆ మరుసటి ఏడాది తరిమెల నాగిరెడ్డి గారి లాంటివాళ్ళు విడిపోయి వెళ్ళారు. ఆ తర్వాత చీలికల లెక్క మా తాతయ్యకి కూడా పూర్తిగా గుర్తులేదు.

నాలుగో చిక్కు, కింద నిజంగా ఏం జరుగుతోందో పైకి తెలియకపోవడం. పైనుంచి ఆజ్ఞలు వచ్చే పద్ధతిలో కింద ఉన్నవాడు పైవాడికి నచ్చిందే చెప్తాడు. చైనాలో 1958 తర్వాత కమ్యూన్లలో పండని పంటని పండినట్టు లెక్కలు రాశారు. ఆ లెక్కల ప్రకారం ధాన్యం లాక్కుపోతే కోట్లమంది ఆకలికి చచ్చిపోయారు. రష్యాలో 1929 తర్వాత పొలాల్ని బలవంతంగా ఉమ్మడి చేశారు, 1932-33లో కరువు వచ్చి లక్షలమంది పోయారు. ప్రశ్నించినవాణ్ణి శత్రువు అంటే ఇక తప్పు బయటపడే దారే ఉండదు. ఎర్రర్ మెసేజ్‌లన్నీ ఆపేసి ప్రోగ్రామ్ బాగా నడుస్తోందనుకోవడం లాంటిది ఇది. పైగా ఒక దేశంలో ప్రతి సబ్బు బిళ్ళ, ప్రతి మేకు ఎంత కావాలో ఒక ఆఫీసులో కూర్చుని లెక్కేయడం ఇప్పటి కంప్యూటర్లకే కష్టం. వర్గాలు పోయాక ప్రభుత్వం దానంతట అదే కరిగిపోతుందన్నది సిద్ధాంతం. జరిగింది వేరు. భూమినీ ఫ్యాక్టరీనీ తుపాకీనీ పత్రికనీ ఒకే చేతిలో పెట్టాక, ఆ చేయి తెరుచుకోలేదు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది.

ఇక్కడే సుందరయ్య గారి మీద నా గౌరవం పెరిగింది. ఆయన రష్యాని, చైనాని నేను పైన రాసినట్టు చూడలేదు. చివరిదాకా కమ్యూనిస్టుగానే బతికారు. కానీ సొంత పనిలో తప్పులు వెతకడం మానలేదు. తెలంగాణ పోరాటం మీద, దాని గుణపాఠాల మీద 1972లో పెద్ద పుస్తకం అచ్చయింది. 1974లో, అరవై దాటిన వయసులో, అప్పటి మన గుంటూరు జిల్లా అనంతవరం లాంటి ఊళ్ళలో సర్వే చేయించారు. ఎవరికి ఎంత భూమి, ఎవరు కౌలు, ఎవరు కూలి అని ఇంటింటి లెక్క. అంటే సిద్ధాంతం ఏం చెప్తోందో తెలిసినా, ఊరు ఏం చెప్తోందో వినాలనుకున్నారు. మరుసటి ఏడాది ఎమర్జెన్సీ వచ్చింది. పార్టీలో రైతు, కూలీ రంగాల పని అనుకున్నట్టు సాగడం లేదని, జనసంఘ్‌తో కలిసి నడవడం తప్పని ఆయన వాదించారు. మెజారిటీ ఒప్పుకోలేదు. ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు. వేరే పార్టీ పెట్టలేదు, మన రాష్ట్రానికి వచ్చి రాష్ట్ర కార్యదర్శిగా పనిచేశారు. 1978లో గన్నవరం నుంచి మళ్ళీ శాసనసభకి వెళ్ళారు. కృష్ణా, గోదావరి నీళ్ళ లెక్కలు ఆయనకి కొట్టిన పిండి. 1985 మే 19న మద్రాసులో చనిపోయారు. వెనకాల ఆస్తి లేదు, వారసులు లేరు.

ఇప్పుడు మా ఇంటి గొడవ.

మాకు సాగర్ కుడి కాలువ కింద నాలుగు ఎకరాలు ఉంది. 1967లో కాలువకి నీళ్ళు వదిలాక మా ఊరి బతుకు మారిందని తాతయ్య ఎప్పుడూ చెప్తాడు. నాన్న నరసరావుపేటలో ఉద్యోగం చేస్తాడు. పదేళ్ళుగా పొలం కౌలుకి ఇచ్చాం. చేసే ఆయన్ని నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన తాతయ్యని పెద్దాయనా అంటాడు, నన్ను బాబూ అంటాడు. ఇంటికొస్తే అరుగు మీద కూర్చుంటాడు, లోపలికి రాడు. ఎందుకు రాడని నేను ఇన్నేళ్ళూ అడగలేదు.

ఒక ఏడాది డిసెంబరు వానలకి మిర్చి మొత్తం పోయింది. పెట్టుబడి బాబాయ్‌ది, అప్పు బాబాయ్‌ది. ఈ-క్రాప్‌లో పేరు తాతయ్యది. నష్టపరిహారం తాతయ్య ఖాతాలో పడింది. బాబాయ్ కౌలు బాకీ ఉన్నాడు కాబట్టి మావాళ్ళు దాన్ని ఆ బాకీ కింద జమ వేసుకున్నారు. లెక్క ప్రకారం తప్పేం లేదు. ఆ నెలలోనే నా సెమిస్టర్ ఫీజు కట్టారు. ఆ విషయం నాకు ఈ ఎండాకాలమే తెలిసింది.

బాబాయ్ అడిగేది పెద్ద విషయం కాదు. కౌలు కార్డు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం యజమాని సంతకం పెడితే పదకొండు నెలలకి కార్డు వస్తుంది. దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం సాగు చేసినవాడికి వస్తాయి. భూమి మీద హక్కేమీ రాదు. బాబాయ్ మూడేళ్ళుగా అడుగుతున్నాడు, తాతయ్య చూద్దాంలే అంటున్నాడు. దున్నేవాడికే భూమి అని గురజాల, మాచర్ల రోడ్ల మీద జెండా పట్టుకుని తిరిగిన మనిషి, గుంటూరు మీటింగ్‌లో సుందరయ్య గారిని దూరం నుంచి చూసి ఇప్పటికీ చెప్పుకునే మనిషి, సంతకం పెట్టడు. పాస్‌బుక్ బీరువాలో చీరల కింద ఉంటుంది. తాళంచెవి నాయనమ్మ దగ్గర.

నేను గట్టిగానే అన్నాను. గోడ మీద ఫోటో తీసేయమన్నాను. అంత మాట అని ఉండాల్సింది కాదు. తాతయ్య ఆ పూట అన్నం తినలేదు. రాత్రి మంచం మీద పడుకుని నెమ్మదిగా చెప్పాడు. ఆ నాలుగు ఎకరాలు వాళ్ళ నాన్న కూలి చేసి, ఎకరం ఎకరం కూడబెట్టి కొన్నవట. దొరల భూమి కాదట. కాగితం మీద ఇంకొకరి పేరు ఎక్కితే, రేపు నాన్న తరంలో, నా తరంలో ఏమవుతుందోనని భయమట. సుందరయ్య గారికి పిల్లల్లేరు, నాకు మీరున్నారు అన్నాడు.

అప్పుడు నాకు 500 ఎకరాలు, 200 ఎకరాలు, 100 ఎకరాల లెక్క గుర్తొచ్చింది. ఆ గీత మా ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగింది. తాతయ్య స్వార్థపరుడు కాదు. నాకు తెలిసినవాళ్ళలో ఆయన కంటే మంచివాళ్ళు తక్కువ. సిద్ధాంతం మీద నమ్మకం, బిడ్డల మీద భయం ఒకే మనిషిలో, ఒకే మంచం మీద పడుకుని ఉన్నాయి. ఆ భయానికి ఏ పార్టీ అయినా జవాబు చెప్పకుండా భయపడేవాణ్ణి శత్రువు అనేసిందంటే, రష్యాలో జరిగిందే జరుగుతుంది. భయం ఉంది కదా అని వదిలేస్తే, అరుగు మీద బాబాయ్ అరుగు మీదే ఉండిపోతాడు.

పశ్చిమ బెంగాల్‌లో 1978 నుంచి ఆపరేషన్ బర్గా అని ఒకటి జరిగిందని చదివాను. కౌలు చేసేవాళ్ళ పేర్లు రికార్డులో ఎక్కించడం. ఒక్కడే వెళ్ళి చెప్పాలంటే భూమి ఉన్నవాడికి భయపడతాడని, అధికారులే సాయంత్రం పూట ఊళ్ళోకి వచ్చి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి రాసుకున్నారు. సుమారు 14 లక్షల మంది పేర్లు ఎక్కాయి. విప్లవం కాదు, రిజిస్టర్‌లో ఒక వరుస. అదే ప్రభుత్వం 34 ఏళ్ళు ఉండి, సింగూరు, నందిగ్రామ్‌లలో రైతుల భూమి తీసుకోబోయి 2011లో ఓడిపోయింది. మంచి పని ఒకసారి చేశాక అలాగే ఉండిపోదని దీన్నిబట్టి అర్థమైంది.

మరునాడు నేను ఫోన్‌లో ఆ చట్టం వెతికి, తెలుగులో తాతయ్యకి అర్థమయ్యేలా ఒక్కో సెక్షన్ చెప్పాను. యాజమాన్యం మారదన్న చోట రెండుసార్లు ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు. పదకొండు నెలల తర్వాత కార్డు ఉంటుందా పోతుందా అని మూడుసార్లు అడిగాడు. నా ఇంగ్లీష్ మీడియం చదువు మా ఇంట్లో ఒకరికి పనికొచ్చింది అదే మొదటిసారి. నాలుగు రోజులు ఏమీ మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున్నే నాయనమ్మని తాళంచెవి అడిగాడు. బాబాయ్‌ని పిలిపించి, ముగ్గురం కలిసి గ్రామ సచివాలయానికి వెళ్ళాం. సంతకం పెట్టేటప్పుడు తాతయ్య చేయి వణికింది, వయసు వల్ల అనుకుంటా.

దీంతో ఏదో సాధించామని నేను అనుకోవడం లేదు. ఆ పాత నష్టపరిహారం సంగతి ఇంకా తేలలేదు, నాన్నతో మాట్లాడాలి. బాబాయ్ ఆ రోజు కూడా టీ అరుగు మీదే తాగాడు. లోపలికి రమ్మని పిలిచాను, వచ్చేసారి వస్తాలే బాబూ అన్నాడు.

ఈ సిద్ధాంతం ఎందుకు పూర్తిగా అమలు కాలేదని నన్నెవరైనా అడిగితే, నా దగ్గర పెద్ద జవాబు లేదు. కులాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం, నిర్ణయాలు దూరం నుంచి రావడం, ప్రశ్నకి చోటు లేకపోవడం, అన్నిటికీ కింద ఈ నాలుగు ఎకరాల భయం. నేను చూసింది ఇంతే. కాలేజీలో ఎర్ర టీషర్టు వేసుకుని తిరిగేవాళ్ళకీ, కమ్యూనిజం అంటే జోకులేసేవాళ్ళకీ ఇద్దరికీ ఒకే మాట చెప్తాను. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ పొలం ఎవరు చేస్తున్నారో, లేదా మీ నాన్న ఎవరి పొలం చేస్తున్నాడో, కార్డు ఎవరి పేరు మీద ఉందో ఒకసారి అడగండి.

మా కార్డు గడువు పదకొండు నెలలు. వచ్చే వేసవికి మళ్ళీ సంతకం కావాలి. అప్పటికి నేను ఇంట్లో ఉండేలా ఇప్పుడే క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.